కారు కళ్ళకు కాటుక

"సరే, నిన్న రాత్రి మాట యాడ ఆగింది? ఆదివారం కాడ కదా," అన్నాడు యూసుఫ్, చాయ్ కప్పు కింద పెట్టకుండానే.

కూతురు మహెక్ టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ తల కూడా ఎత్తలేదు. "ఆగలే అబ్బూ, అయిపోయింది. రేపు కాదు, వచ్చే ఆదివారం. రోడ్లు ఖాళీగ ఉంటయ్. నేను పక్కన కూసుంట, నువ్వు యాప్రాల్‌ల నా క్లినిక్ దాకా నడిపి మళ్ళ ఇంటికి తీస్కరా. మంచిగ నడిపితే తాళంచెవి ఆ మేకుకు తగిలిస్త. లేకుంటే లేదు."

"ముప్పై మూడేండ్లు బండి నడిపినోనికి పరీక్ష పెడుతున్నవన్నట్టు."

"ముప్పై మూడేండ్లు నడిపినోడే రోసమ్మ ఆంటీ కుండీలు పలగ్గొట్టిండు."

ఆ ఇంట్లో ఆ కుండీల మాటకు తిరుగు లేదు. ఎవరు ఏ వాదం మొదలుపెట్టినా చివరికి ఆ కుండీల దగ్గరే తెగుతుంది.

గుమ్మం పక్కన గోడకు ఒక మేకు ఉంది. దాన్ని యూసుఫే కొట్టాడు, రెండేళ్ళ కింద మహెక్ ఈ పాత కారు కొన్న రోజున. తాళంచెవి దానికే వేలాడాలి, ఎవరికి పనిపడితే వాళ్ళు తీసుకోవాలి, మళ్ళీ తెచ్చి దానికే తగిలించాలి. అదీ కట్టడి. జరిగిందేమిటంటే, ఈ జనవరిలో ఒక సాయంత్రం వేళ ఆయన కారును సందులోకి తిప్పుతూ ఎదురింటి రోసమ్మ గుమ్మం ముందున్న మూడు కనకాంబరం కుండీలను వరసగా పడగొట్టాడు. ఒకటి కాదు, మూడు. మొదటి కుండీ పగిలిన చప్పుడు విని కూడా బండి ఆపలేదంటే, ఆ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో ఆయనకు కనబడకే. డాక్టరు చూసి రెండు కళ్ళలోనూ శుక్లాలు అన్నాడు. వేసవిలో రెండింటికీ ఆపరేషన్ అయింది. ఇప్పుడు గోడ మీద చీమ బారు కూడా కనిపిస్తోంది. మేకు మాత్రం ఖాళీగానే ఉంది. తాళంచెవి మహెక్ హ్యాండ్‌బ్యాగులో, జిప్పు లోపల ఇంకో జిప్పు ఉంటుంది చూడండి, అందులో ఉంది.

ఉదయం లేచి చాయ్ తాగుతూ యూసుఫ్ ఎదురుగా చూసేది ఆ మేకునే. పేపరు తరవాత చూసేవాడు.

మహెక్ చెప్పులు వేసుకుంటూ, ఏదో గుర్తొచ్చి ఆగింది. మొన్న గురువారం క్లినిక్‌లో ఆలస్యమై చీకటి పడ్డాక వస్తుంటే ఎదురుగా వచ్చే ప్రతివాడూ లైట్లు కొట్టి కొట్టి చంపారట. ఒక లారీవాడైతే బండి ఆపి, తల బయటికి పెట్టి తిట్టాడట, నీ లైట్లు మా కళ్ళల్ల సూదులు గుచ్చినట్టున్నయ్ అని. ఈ కారు మునుపటి ఓనరు ఎవరో తెల్లగా మండిపోయే బల్బులు వేయించి వదిలాడు, దాని పుణ్యం. "వచ్చే వారం మెకానిక్‌కు చూపియ్యాలె," అనేసి ఆమె బండి తీసుకుని వెళ్ళిపోయింది.

మెకానిక్. ఆ మాట యూసుఫ్ చెవిలో ముల్లులా దిగింది.

వంటింట్లోంచి భార్య నజ్మున్నీసా తొంగిచూసే సరికి ఆయన ఇంకా ఖాళీ కప్పు పట్టుకునే ఉన్నాడు. ఇంట్లో తానుండగా మెకానిక్ ఎందుకని ఆమెను అడిగాడు. ఆమె ఉల్లిపాయ తరుగుతూనే, "మీరు ఉన్నరనే," అంది.

*

యూసుఫ్ గురించి కొంచెం చెప్పాలి. జనగామ పక్క పల్లె. తండ్రి పరుపులకు దూది ఏకేవాడు. చిన్నప్పుడు ఇంట్లో అన్నంలో దూది, నీళ్ళలో దూది, తుమ్మితే దూది. పదహారేళ్ళకే ఆ దూదికి దండం పెట్టి లారీ క్లీనరుగా ఎక్కాడు. అక్కడినుంచి సికింద్రాబాదు. అక్కడినుంచి ఒక సర్కారు ఆఫీసులో డ్రైవరు. తెల్ల అంబాసిడరు. పదకొండు మంది ఆఫీసర్లు మారారు, బండి రెండుసార్లు మారింది, డ్రైవరు మారలేదు. బోయిగూడలో ఈ రెండు గదుల ఇల్లు, మహెక్‌ను ఫిజియోథెరపీ చదివించడం, అన్నీ ఆ స్టీరింగు తిప్పి సంపాదించినవే.

ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ప్రతి బండికీ హెడ్‌లైటు అద్దం మీద పైసగం నల్లరంగు పూయాలి. ఎదుటివాడి కళ్ళలో వెలుగు కొట్టకూడదని. పూయకపోతే పోలీసులు ఆపేవారు. ఒక్కోసారి చౌరస్తాలో వాళ్ళే డబ్బా, కుంచె పట్టుకుని నిలబడి, వచ్చిన బండినల్లా ఆపి పూసి పంపేవారు. కొందరు పూస్తే ఆ రంగు కారి ముక్కు కారిన పిల్లవాడి మొహంలా ఉండేది. యూసుఫ్ పూస్తే అలా కాదు. దారం పట్టి గీత గీసుకుని, సన్నకుంచెతో అర్ధచంద్రాకారంగా దిద్దేవాడు. మిగతా డ్రైవర్లు తమ బండ్లు కూడా తెచ్చి ఆయన ముందు నిలిపేవారు. పెళ్ళికూతురికి కాటుక దిద్దినట్టుంది యూసుఫ్ భాయ్ అని తోటి డ్రైవరు విజయేందర్ అన్న మాట ఆఫీసంతా పాకింది. ఒక ఆఫీసరు గారు కూడా కిందికి దిగి, వంగి చూసి, తల ఊపి వెళ్ళారు. ఆ తల ఊపడం యూసుఫ్ ఇప్పటికీ మరిచిపోలేదు.

కాబట్టి ఎదుటివాళ్ళ కళ్ళలో లైటు కొడుతోందని కూతురు అన్న క్షణంలోనే ఆయనకు మందు తెలిసిపోయింది. రెండు అర్ధచంద్రాలు. అంతే. దీనికి మెకానిక్ ఎందుకు? పైగా ఇది చేసి చూపిస్తే, వచ్చే ఆదివారం పరీక్షకు ముందే సగం మార్కులు పడ్డట్టు. కుండీల మాట తుడిచిపెట్టుకుపోతుంది. తాళంచెవి మేకుకు వచ్చి తగులుతుంది.

ఆ శనివారమే మధ్యాహ్నం రాణిగంజ్ వెళ్ళాడు. రంగు డబ్బా అడిగితే షాపువాడు నవ్వి, ఇప్పుడు రంగెవరు పూస్తారు చాచా, ఫిల్మ్ ఉంది, అతికించుకుంటే అయిపాయె అని నల్లటి చుట్ట ఒకటి చేతిలో పెట్టాడు. పొగ రంగులో ఉంది. వెలుగుకు పట్టి చూస్తే అవతల మనిషి మసకగా కనిపిస్తున్నాడు. ముందు లైట్లకూ వెనక లైట్లకూ కలిపి సరిపోతుంది, వెనక కూడా వేస్తే బండి ఫారిన్ బండిలాగా ఉంటది అన్నాడు. సబ్బునీళ్ళు చల్లాలి, అతికించాలి, హెయిర్ డ్రయరుతో వేడి తగిలించాలి, కార్డుతో నొక్కుతూ బుడగలు తోసెయ్యాలి. పది నిమిషాల పని.

పది నిమిషాలు.

*

ఆదివారం నజ్మున్నీసా, మహెక్ బోలారంలో ఉన్న మహెక్ ఖాలా, అంటే పిన్ని, ఇంటికి ఆటోలో వెళ్ళారు, ఆ సందులో కారు పట్టదు కాబట్టి. తాళంచెవి హ్యాండ్‌బ్యాగుతో పాటే బోలారం వెళ్ళింది. కారు మాత్రం ఇంటి ముందు ఎప్పటిలాగే నిలబడి ఉంది. ఎప్పటిలాగే అంటే, బోయిగూడ సందు సంగతి తెలుసు కదా, రెండు స్కూటర్లు ఎదురుపడితేనే ఒకదాని మర్యాద పోతుంది. అందుకని మహెక్ రోజూ కారును వెనక్కి తెచ్చి, వెనక భాగం ఇంటి గోడకు దాదాపు ఆనించి, ముక్కు సందువైపు పెట్టి ఆపుతుంది. పొద్దున సర్రున బయటికి తీసేయవచ్చు.

యూసుఫ్ బకెట్టు, సర్ఫు నీళ్ళు, కత్తెర, పాత ఏటీఎం కార్డు, కూతురి హెయిర్ డ్రయరు, కిటికీలోంచి లాగిన పొడుగు వైరు అన్నీ సర్దుకుని స్టూలు వేసుకుని కూర్చున్నాడు. దారం పట్టి గీత కొలిచాడు. అర్ధచంద్రం కత్తిరించాడు. అద్దం మీద పెట్టాడు.

నిలవలేదు.

అంబాసిడరు లైటు గుండ్రంగా, మనిషి ముఖంలా తిన్నగా ఉండేది. ఈ కారు లైటు చింతకాయలా వంకర తిరిగి, పక్కకు వంగి, రెక్క దగ్గర లోపలికి పోయింది. ఇటు నొక్కితే అటు లేస్తోంది. అటు నొక్కితే మధ్యలో బుడగ. కార్డుతో బుడగను తోస్తే అది పక్కకు పోయి పిల్లలను పెట్టింది. వేడి తగిలిస్తే అతుక్కుంటుందన్నాడు కదా అని డ్రయరు పెడితే, ఫిల్మ్ అప్పడంలా ముడుచుకుంది. రెండో ముక్క కత్తిరించాడు. అది అతుక్కుంటున్నట్టే ఉంది అనుకునేసరికి ఒక గాలి వచ్చి సందులోని దుమ్మంతా తెచ్చి జిగురు మీద పోసింది. మూడో ముక్క దగ్గర కరెంటు పోయింది. డ్రయరు చేతిలో గొంతు పోయిన కోడిలా ఆగిపోయింది. యూసుఫ్ దాన్ని ఒడిలో పెట్టుకుని, కరెంటు వచ్చేదాకా ఆ స్టూలు మీదే, ఎండలో, సబ్బు చేతులతో కూర్చున్నాడు.

అప్పుడే చర్చి నుంచి వస్తున్న రోసమ్మ ఎదురింటి గుమ్మంలో ఆగింది. చేతిలో బైబిలు, నుదుట చెమట. కాసేపు చూసి, "ఏందన్నా, బండికి సుత కంటి ఆపరేషనా?" అంది.

"లైట్లు సదురుతున్న రోసమ్మా."

"సదురు, సదురు. బండి తోలనంతసేపు ఏదైనా సదురు. నా కుండీలు ఇప్పుడిప్పుడే చిగురేస్తున్నయ్."

యూసుఫ్ మళ్ళీ కత్తెర అందుకున్నాడు. అంతకంతకూ ఆయన పళ్ళు బిగుసుకుంటున్నాయి. తన చేతికి పని రాకపోవడం ఆయనకు అలవాటు లేదు. చేతిలో తప్పు లేదు, ఈ లైటును తయారుచేసినవాడి బుర్రలో ఉంది అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అనే సామెత తెలియక కాదు.

మధ్యాహ్నం రెండున్నరకు ముందు లైట్లు రెండూ అయ్యాయనిపించాడు. చంద్రుళ్ళు రెండూ ఒకే తిథికి చెందినవి కావు. ఒకటి అష్టమి, ఒకటి దశమి. దూరం నుంచి చూస్తే తేడా తెలియదులే అని దూరం వెళ్ళి చూశాడు. తెలుస్తోంది. ఇంకొంచెం దూరం వెళ్ళాడు.

ఇక్కడితో ఆపి ఉంటే ఈ కథే లేదు. కానీ చుట్టలో సగం ఫిల్మ్ మిగిలింది. డ్రైవరు చేతికి మిగిలిన సామాను కనబడితే ఊరుకోదు. తుడిచిన గుడ్డను కూడా మడిచి సీటు కింద పెట్టే జాతి అది. పైగా పొద్దున్నుంచి పడ్డ అవమానానికి ఎక్కడో ఒకచోట గెలవాలి. వెనక లైట్లు చిన్నవి, తిన్నగా ఉంటాయి, వాటి మీద చెయ్యి చూపిద్దాం అనుకున్నాడు.

కారు ముందుకు జరపాలంటే తాళంచెవి కావాలి. తాళంచెవి బోలారంలో ఉంది. గోడకూ కారుకూ మధ్య జానెడున్నర సందు. యూసుఫ్ పొట్ట లోపలికి పీల్చుకుని, పీతలా అడ్డంగా అందులో దూరాడు. వంగే వీలు లేదు. మోకాళ్ళు బంపరుకు, వీపు గోడకు. కింద లైటు కనబడదు. చేత్తో తడుముతూ, అంధుడు రొట్టె కాల్చినట్టు, ఫిల్మ్ అతికించాడు. వేలికి బుడగలు తగిలాయి. తీసి మళ్ళీ అతికించే ఓపిక అప్పటికి చచ్చిపోయింది. దాని మీదే ఇంకో పొర వేసి గట్టిగా రుద్దాడు. బుడగలు అణిగాయి. రెండో లైటుకూ అంతే, రెండు పొరలు. ఎక్కడ ఎర్ర ప్లాస్టిక్ ఉందో, ఎక్కడ నల్ల ఫిల్మ్ ఉందో ఆయన చూడలేదు. బయటికి వచ్చేసరికి బనీను వెనక సున్నం, ముందర గ్రీజు.

వెలిగించి చూసుకోవాలి కదా, ఎవరైనా అదే చేస్తారు. ఆయనా చేసేవాడే. తాళంచెవి ఉంటే.

*

సాయంత్రం వాళ్ళు వచ్చేసరికి ఆయన స్నానం చేసి, తెల్ల లాల్చీ వేసుకుని, కారు పక్కన నిలబడి ఉన్నాడు. మహెక్ ఆటో దిగి, కారు ముఖం చూసి, ఆటోవాడికి డబ్బులివ్వడం కూడా మరిచిపోయింది.

"ఏందిది అబ్బూ?"

ఆయన పాతకాలం పద్ధతి, చౌరస్తాలో పోలీసులు, ఆఫీసరు తల ఊపడం అన్నీ చెప్పాడు. ఆమె వింటూనే వంగి, వేలితో ఒక బుడగ నొక్కింది.

"బండి కునుకు తీస్తున్నట్టుంది. ఎవరన్న చూస్తే నవ్వుతరు. తీసెయ్యి."

"ఒక్క వారం ఉండనియ్యి బిడ్డా. ఎవడన్న మళ్ళ తిడితే నేనే పీకేస్త."

నజ్మున్నీసా మధ్యలో కల్పించుకుని, హెయిర్ డ్రయరు కాలిన వాసన వస్తోందేమని అడిగింది. ఆ గొడవలో లైట్ల గొడవ వెనక్కి పోయింది. మహెక్‌కు ఆకలి. సరేలే, ఎలాగూ పొద్దున పోయి వెలుగుండగానే వచ్చేస్తా కదా అని లోపలికి పోయింది.

వెనక లైట్ల సంగతి ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. ముందువాటికే ఇన్ని అక్షింతలు పడ్డాక వెనక కూడా చూడమని ఎవరంటారు? ఆదివారం పరీక్ష అయ్యాక, తాళంచెవి చేతికొచ్చాక, తీరిగ్గా చూపిద్దాంలే అనుకున్నాడు.

సోమవారం మాత్రం మనసు ఒప్పలేదు. లైట్లు ఒకసారి వెలిగించి చూడాలి, తాళంచెవి ఇటియ్యి అని అడిగాడు. మహెక్ నవ్వింది. "నాకు తెల్వదా నీ తరీకాలు? లైట్లు అంటవ్, తర్వాత ఇంజన్ అంటవ్, తర్వాత అల్వాల్‌ల విజయేందర్ అంకుల్ ఇంట్ల ఉంటవ్. ఆదివారం దాకా జెర ఓపిక పట్టు అబ్బూ." ఆయన పట్టుబట్టలేదు. పట్టుబడితే ఎందుకని అడుగుతుంది. మంగళవారం మళ్ళీ అడుగుదామనుకుని మేకు వైపు చూసి ఊరుకున్నాడు. బుధవారం తుంపర పడింది. కారు రోజూ పొద్దున ముక్కు ముందుకు పెట్టుకుని వెళుతోంది, సాయంత్రం వీపు గోడకు పెట్టుకుని నిలబడుతోంది. దాని వీపు ఇంట్లో ఎవరికీ కనబడలేదు.

గురువారం నాలుగింటికే మబ్బు కమ్మి, అయిదింటికి వాన షురూ అయింది. మహెక్ తల్లికి ఫోన్ చేసి, ఎవరో ముసలాయనకు మోకాలి కసరత్తు చేయించాలి, ఏడింటికి బయలుదేరుతా అని చెప్పింది. నజ్మున్నీసా పకోడీకి పిండి కలపడం ఆపేసింది.

ఆరుంబావుకు విజయేందర్ ఫోన్ చేశాడు. రిటైరయ్యాక అల్వాల్‌లో ఇల్లు కట్టుకున్న ఆ పాత డ్రైవరు మిత్రుడు రోజూ చాయ్ వేళకు ఫోన్ చేయకపోతే ఆయనకు అరగదు. వాన సంగతి, మోకాళ్ళ సంగతి, కూరగాయల ధర సంగతి అన్నీ అయ్యాక, "అగో, చెప్పుడు మరిచిన భాయ్," అన్నాడు. "నిన్న పొద్దున తుంపరల మన మహెక్ బండి ఎనకనే పోతున్న నేను. స్పీడ్ బ్రేకర్ కాడ బిడ్డ బ్రేక్ కొట్టింది. లైట్ ఎలగలే. నా స్కూటర్ పోయి బంపర్‌కు ముద్దు పెట్టింది. పిలుద్దునంటే ఎళ్ళిపాయె. నేను గాబట్టి ఆగిన, అదే లారీ అయితే? బల్బు పోయినట్టుంది, జెర మార్పియ్యి."

యూసుఫ్ అవునవును, బల్బే అన్నాడు. ఆ అబద్ధం నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యమేసింది. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. ఈ నెలలోనే మహెక్ బండి సర్వీసింగ్ చేయించింది. వెనక బల్బులు అప్పుడే కొత్తవి వేశారు.

మంచం కింద నుంచి మిగిలిన ఫిల్మ్ ముక్క తీశాడు. రెండు పొరలుగా మడిచాడు. టార్చి లైటు మూతికి చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. నజ్మున్నీసాను గొడుగు పట్టుకుని సందు చివర కిరాణా దుకాణం దగ్గర నిలబడమన్నాడు. ఎందుకని ఆమె అడిగితే చెప్పలేదు. చెప్పకపోవడం చూసి ఆమె ఇంకేమీ అడక్కుండా కొంగు తలమీదికి లాక్కుని వెళ్ళింది. ఆ వానలో, ఆ మసక వెలుతురులో, గుమ్మంలో నిలబడి ఆయన టార్చి ఆమె వైపు పట్టాడు.

"ఎయ్యుండ్రి మరి," అని ఆమె అక్కడినుంచి కేకేసింది.

"ఏసిన."

"ఏది? నాకేం కనబడ్తలేదు."

ఆయన ఫిల్మ్ పీకేసి మళ్ళీ వెలిగించాడు. ఆమె ముఖం మీద, గొడుగు అంచు నుంచి జారే చినుకుల మీద, వెలుగు తళుక్కుమంది. ఆమె చేతిని కళ్ళకు అడ్డం పెట్టుకుంది. తడిసిన చెప్పులతో తిరిగొచ్చి, కింద పడి ఉన్న నల్ల ముక్కను చూసింది. గోడ వైపు, కారు లేని ఖాళీ జాగా వైపు చూసింది.

"ఎనక సుత ఏసిండ్రా?"

"రెండు పొరలు."

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని ఆమె అనొచ్చు. అనలేదు. అని ఉంటే ఆయనకు కొంచెం నయంగా ఉండేది. కొంగుతో ముఖం తుడుచుకుని, టైమెంత అని మాత్రం అడిగింది.

ఆరున్నర దాటి అయిదు నిమిషాలు. ఆటో పట్టుకుని యాప్రాల్ పోదామంటే, ఈ వానలో ఆటోలు ముందు దొరకవు, దొరికినా పోయేసరికి ఏడున్నర. అప్పటికి ఆమె రోడ్డు మీద ఉంటుంది. ముందు సగం లైటు, వెనక గుడ్డి లైటు, నెత్తిన వాన, వెనక కంటోన్మెంటు రోడ్డులో తోసుకొచ్చే బస్సులు. ముప్పై మూడేళ్ళు ఆ రోడ్ల మీద తిరిగిన మనిషికి మలుపు మలుపునా ఏమి జరగవచ్చో వరసగా కనిపించింది. కళ్ళు బాగయ్యాక మనిషికి ఇన్ని కనబడతాయని డాక్టరు చెప్పలేదు.

నువ్వు చెయ్యి ఫోన్, వాన ఎక్కువుంది, బండి అక్కడే వదిలేసి ఆటోలో రమ్మను అని భార్యతో అన్నాడు. అది చాలుతుందేమో. రేపు పొద్దున తాను పోయి పీకేస్తాడు, ఎవరికీ తెలియదు, ఆదివారం ఆదివారంలానే ఉంటుంది.

నజ్మున్నీసా ఫోన్ అందుకోలేదు. "వానంటే ఇంటదా మీ బిడ్డ? కారున్నదే వానకు గదా అమ్మీ అంటది. నెమ్మదిగ వస్త అంటది. వచ్చేస్తది. అసలు ముచ్చట చెప్తెనే ఆగుతది. అది నేను చెప్పేది కాదు."

ఆమె వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగిన చప్పుడు రాలేదు.

యూసుఫ్ మంచం అంచున కూర్చున్నాడు. ఎదురుగా మేకు. చెబితే ఏమవుతుందో తెలుసు. ఆమె అరవదు. అరిస్తే బాగుండును. సరే అబ్బూ అంటుంది, అంతే. ఆదివారం రాదు. ఆ పై ఆదివారమూ రాదు. రోసమ్మ కుండీల పక్కన ఈ లైట్ల మాట కూడా చేరి, ఇక ఎప్పుడు నోరు తెరిచినా రెండూ కలిసి వచ్చి కూర్చుంటాయి. పదకొండు మంది ఆఫీసర్లను గీత పడకుండా దించినవాడు, కన్నబిడ్డ బండి వెనక దీపం ఆర్పినవాడు. ఆర్పి, చెప్పకుండా నాలుగు రోజులు పంపినవాడు. ఆ రెండోదే ఎక్కువ బరువు. బుధవారం విజయేందర్ స్కూటరు స్థానంలో లారీ ఉండి ఉంటే అన్న చోట ఆయన ఆలోచన ఆగిపోయింది, ముందుకు పోలేదు.

కోపం కూడా వచ్చింది, అది ఎవరి మీదో తేలలేదు. షాపువాడి మీద, వంకర లైటు మీద, సోమవారం తాళంచెవి ఇవ్వని కూతురి మీద. ఇచ్చి ఉంటే చూసుకునేవాడు కదా. నిజమే. కానీ ఎందుకు కావాలో నోరు తెరిచి చెప్పి ఉంటే ఆమె ఇచ్చేది కదా. అదీ నిజమే. కోపం ఊరంతా తిరిగి ఇంటికే వచ్చింది.

గడియారం ఏడుకు పద్దెనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. యూసుఫ్ లేచి, లాల్చీ అంచుతో ఫోన్ తుడిచాడు. మొదటి ముక్క ఏది అనాలో నోట్లోనే కూడబలుక్కున్నాడు. ఎట్లున్నవ్ బిడ్డా అనకూడదు, వాన ఎట్లుంది అనకూడదు, అంబాసిడరు మాట అసలే రాకూడదు. బండి తియ్యకు మహెక్, ఎనక లైట్లు నేను ఖరాబ్ చేసిన, నాలుగు రోజుల సంది దాచిన. ముందు ఇది. తరవాత ఆమె ఏమన్నా వినాలి. వాన చప్పుడులో వినబడదేమోనని కిటికీ రెక్క మూసి, మహెక్ నంబరు కోసం వేలితో వెతకసాగాడు.